లేని కంప్యూటర్లకు నంబర్లు పెట్టిన సార్

మా సైదాబాద్ కంప్యూటర్ క్లాసుల పాత, కొత్త విద్యార్థులందరికీ తెలియజేయడమేమనగా: ల్యాబ్ గడప బయట విప్పిన చెప్పుల్లో ఒకరి ఎడమదాన్ని ఇంకొకరి కుడిదానితో జతచేసే కార్యక్రమాన్ని నేటితో శాశ్వతంగా రద్దు చేస్తున్నాను. ఆ పని చేసేది నేనేనని మీకు తెలుసు. నేనెంత కలిపినా, కిందికి చూడకుండానే కాలితో తన జత వెతుక్కుని వెళ్లిపోయే మా సార్ మొన్న సోమవారం పోయారు. ఇక ఎవరి కోసం కలపాలి?

సార్‌ది కోస్తా వైపు. మలక్‌పేటలో అద్దెకుండేవారు. నేను పదో తరగతి తప్పినవాణ్ని. వైర్లు లాగడం, దుమ్ము దులపడం నా పని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయన ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపి చూపించారు. పెట్టె లేదు, బోర్డు లేదు, తెర మీద మాత్రం అన్నీ ఉన్నాయి. మా అమ్మమ్మ దయ్యాల సంగతి చెప్పినప్పుడు కూడా నేనంతగా నోరు తెరవలేదు. ఆ లేని కంప్యూటర్‌లోని లేని నెట్‌వర్క్ కార్డును పని చేయించే చిన్న ప్రోగ్రామ్‌ను, అదే డ్రైవర్‌ను, సార్ స్వయంగా రాశారు.

ఆ లేని కంప్యూటర్‌ను డ్రైవర్‌తో సహా అన్ని సీట్లలోకీ, అంటే పిల్లలు కూర్చునే ప్రతి కంప్యూటర్‌లోకీ కాపీ చేశాం. మొదటిసారి తెరిచినప్పుడు అది ఒక ప్రశ్న అడుగుతుంది: నన్ను కాపీ చేశారా, చోటు మార్చారా అని. ఎవరో అన్ని సీట్లలోనూ ‘చోటు మార్చాం’ అని నొక్కేశారు. ఎవరో నాకు తెలియదు. తెల్లారితే ప్రాక్టికల్ పరీక్ష. ఒక సీటుకు నెట్‌వర్క్ వస్తే పక్క సీటుకు పోతోంది. యజమాని సేటు నేరుగా నా మీదికొచ్చాడు.

“గిసొంటి పనులు వీడే చేస్తడు సార్. రేపటి సంది రావద్దని చెప్పుండ్రి.”

“నేను గాదు సేట్, ఒట్టు,” అన్నాను. ఆ కొలువు పోతే నాలాంటివాణ్ని ఇంకో ల్యాబ్‌లో గడప కూడా ఎక్కనివ్వరు.

సార్ ఎవరినీ తిట్టలేదు. తిట్టడం ఆయనకు రాదు, ఆ లోటు నేను తీర్చేవాణ్ని. ఒక సీటు వైరు పీకి, పక్క సీటు నుంచి ఆ సీటునే నెట్‌వర్క్‌లో పిలిచారు. వైరు లేని సీటు నుంచి జవాబొచ్చింది! పలికింది నిజానికి ఇంకో సీటు.

“ఇన్నిటికీ ఒకటే నంబరయ్యా,” అన్నారు. అసలు కార్డుకైతే ఎవరితోనూ కలవని నంబరు ఫ్యాక్టరీలోనే వేస్తారు. లేని కార్డుకు ఫ్యాక్టరీ ఎక్కడిది? కాపీ చేశామంటే కొత్త నంబరు వేసుకుంటుంది; చోటు మార్చామంటే పాత నంబరే ఉంచుకుంటుంది, డ్రైవర్ దాన్నే నమ్ముతుంది.

సార్ డ్రైవర్‌ను తెరిచి, ప్రతి సీటూ తనకో కొత్త నంబరు కల్పించుకునేలా మార్చారు. నడిపిస్తే ఒక్కటీ పలకలేదు. ఆయన నుదురు కొట్టుకుని నవ్వారు. నంబరులో మొదటి రెండంకెల జత బేసి అయిందట. బేసితో మొదలైతే అది ఒకరి నంబరు కాదు, గుంపు మొత్తాన్ని పిలిచే నంబరట. దాన్ని సున్నా రెండు చేశారు, అన్ని సీట్లూ పలికాయి. ఆ రెండు ఇంకో మాట కూడా చెబుతుందట: ఇది ఫ్యాక్టరీ ఇచ్చింది కాదు, మేం పెట్టుకున్నది అని.

“కల్పించుకుంటే తప్పులేదయ్యా. కల్పించామని చెప్పుకోవడానికి కూడా చోటు ఉంచారు చూడు, అదీ పెద్దమనిషి తరహా.”

అంత చిన్న అంకెలో అంత మర్యాద ఉందని చూడగలిగిన కళ్లు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

సేటు మళ్లీ వచ్చి, చేసిందెవడని అడిగాడు.

“తప్పు నా డ్రైవర్‌దండీ. ఎవరేం చెప్పినా నమ్మేసింది. అతన్నేమీ అనకండి,” అన్నారు సార్. నా కొలువు నిలిచింది. ఇప్పుడు ఆ సున్నా రెండు సంగతి కొత్త పిల్లలకు చెప్పేది నేనే.

ఇక ఒక్క ముక్క. ఎవరు నొక్కారో తెలియదని పైన రాశాను, అది పూర్తిగా నా కల్పన. సీట్లన్నీ కొట్టుకు చస్తుంటే నవ్వుకుందామని నొక్కింది నేనే. సార్ ఏనాడూ అడగలేదు, నేను చెప్పలేదు. సేటుతో మాట్లాడినంతసేపూ ఆయన నా వైపు తల తిప్పలేదు. గోడకున్న, సీట్ల వైర్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ పెట్టె మీద పచ్చ దీపాలు దేనికది వేరుగా మిణుకుమంటుంటే, వాటినే చూస్తూ నిలబడ్డారు.