గారెల కింద తిరిగొచ్చిన జీతం

అమెరికాలోని ట్రాయ్‌లో ఉన్నప్పుడు, నేనూ మా ఆయనా చర్చి పాటల ప్రాక్టీస్‌కి వెళ్లే శనివారాలు మా నాలుగేళ్ల వాణ్ణి చూసుకోవడానికి ఒకమ్మాయి వచ్చేది. హైస్కూల్లో చదివేది. వాళ్లమ్మదీ మా చర్చే; నేను అక్కా అని పిలిచేదాన్ని.

అమ్మాయి ఇంటికి వెళ్లేటప్పుడు చేతిలో డబ్బులు పెట్టి, డబ్బాలో రొయ్యల వేపుడు ఇచ్చేదాన్ని. మర్నాడు చర్చిలో అక్క డబ్బా తిరిగిచ్చేది. ఖాళీగా ఇవ్వదు కదా, గారెలు పెట్టేది. వాటి కింద, కవర్లో చుట్టి, నా డబ్బులే ఉండేవి.

ఒక శనివారం అమ్మాయి చెప్పులేసుకుంటూ ఆగిపోయింది.

"ఆంటీ, అమ్మ మనీ మీకు రిటర్న్ చేస్తుంది, నాకు తెలుసు. నేను వర్క్ చేశా కదా. నా ఓన్ మనీలోంచి చర్చికి పదో వంతు, దశమ భాగం ఇవ్వాలి. ప్రతి సండే కానుక వెయ్యమని అమ్మే డాలర్ ఇస్తుంది, చిన్నపిల్లకి ఇచ్చినట్టు."

అక్కకి ఫోన్ చేశాను.

"మన పిల్లకి జీతమేంటే? పైగా మా గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. టాక్స్‌లో దాని పేరు ఎక్కితే ఏం తంటా వస్తుందో."

నేను ఇంటర్‌తో చదువు ఆపినదాన్ని. ఆ తర్వాత నేర్చుకున్నదంతా లైబ్రరీలోనే, అది చెప్పుకోవడం నాకిష్టం. మర్నాటి నుంచి పిల్లాణ్ణి బొమ్మల పుస్తకాల దగ్గర కూర్చోబెట్టి, ఇంట్లో పనిచేసేవాళ్ల పన్నుల గురించి దొరికినదల్లా చదివాను. అర్థం కాని పేరా రెండోసారి చదివితే విచ్చుకునేది. ఆ ఆనందానికి ఇల్లు చేరేదాకా కూనిరాగమే. మా ఆయన, "బేబీసిట్టర్‌కి డబ్బులివ్వడానికి ఇంత సిలబస్సా?" అని నవ్వాడు.

పుస్తకం చంకలో పెట్టుకుని అక్క వంటింటికి వెళ్లాను.

"పిల్ల ఇక్కడే పుట్టింది, పని చేసుకోవచ్చు. పద్దెనిమిది నిండలేదు, చదువుకుంటోంది. కాబట్టి దాని జీతంలో సోషల్ సెక్యూరిటీ పన్ను కోత లేదు. ఎప్పుడో ఓ శనివారం వస్తుంది, ఆ కాస్త సంపాదనకి ఇన్‌కమ్ టాక్స్ కూడా పడదు. మీ గ్రీన్ కార్డ్‌తో దీనికి పనేం లేదు. ఇదిగో, చదువు."

అక్క చెయ్యి తుడుచుకుని చదివింది. "టాక్స్ లెక్కలు చూసే సీపీఏవి ఎప్పుడయ్యావే?"

"లైబ్రరీ కార్డు వచ్చినప్పుడే."

అక్క నవ్వింది కానీ ఔనని అనలేదు. ఆ శనివారం, వెనక్కొచ్చిన డబ్బులన్నీ కలిపి అమ్మాయి చేతిలోనే పెట్టాను.

ఆదివారం చర్చిలో కానుకలు పట్టే పాట మొదలైంది. అక్క అలవాటుగా డాలర్ తీసి పక్కనున్న కూతురి వైపు చెయ్యి చాపింది. అమ్మాయి ఆ చెయ్యి మెల్లగా మడిచి, జేబులోంచి తన దశమ భాగం కవరు తీసి కానుకల సంచిలో వేసింది. అక్క కళ్లు తుడుచుకుని, చేతిలో మిగిలిన డాలర్ కూడా వేసేసింది.

బయటికొచ్చాక నా డబ్బా ఇచ్చింది. కార్లోనే మూత తీసి గారెలన్నీ పైకెత్తి చూశాను. అడుగున నూనె పీల్చిన పేపర్ టవల్ ఒక్కటే ఉంది. మావాడు అప్పటికే రెండో గారె తింటున్నాడు.