రికార్డు చేయరాదు అని రికార్డు చేశాను

ఈ మధ్యాహ్నం నేను పనిచేసే లాడ్జిలో ఒక గది ఖాళీగా దొరికింది. తలుపేసుకుని, ఫ్యాను కూడా ఆపేసి, సరోజక్క కోసం ఒక నవల పైకి చదువుతూ ఫోనులో రికార్డు చేయడం మొదలుపెట్టాను. సరోజక్క మా వీధిలోనే పిల్లలకు సంగీతం చెబుతుంది. ఆమెకు చూపు లేదు.

అట్ట తిప్పగానే కనబడినదల్లా చదువుకుంటూ పోయాను. "ఈ పుస్తకంలోని ఏ భాగాన్నీ అనుమతి లేకుండా రికార్డు చేయరాదు" అని గంభీరంగా చదివేశాక గానీ, నేనేం చదివానో నాకు తలకెక్కలేదు. భయమేసి, రికార్డింగ్ ఆపి అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, ఇట్ల రికార్డు చేస్తే తప్పంట. ఈడ రాసుండారు."

అక్క నవ్వింది. "సూపు లేనోళ్లు సదువుకునేదానికైతే తప్పు కాదప్పా. చట్టంలోనే మాకు మినహాయింపు ఉండాది."

"సరే, ఆ ముక్క తీసేసి కథ కాడి నుంచి మొదలుపెడతా."

"తీసేయొద్దు. అందురూ కథ కాడి నుంచే సదివి పెట్టినారు. నాకు చట్టం తెలుసు గానీ, ఆ పేజీ ఇంతవరకు ఎవురూ సదివి పెట్టలేదు. అంతా సదువు."

దాంతో ప్రెస్సు చిరునామా, వెల, ఎన్నో ముద్రణో అన్నీ చదివాను. ఇంతలో ఒక యాత్రికుడు తలుపు తట్టి వేడినీళ్లు ఎప్పుడొస్తాయని అడిగాడు. అదీ రికార్డయింది. పుస్తకానికైతే చట్టం ఉంది గానీ, ఆయన అనుమతి మాత్రం తీసుకోలేదు.

ఇంతకీ, చూపున్న మనలో ఆ పేజీ చదివేవాళ్లు ఎవరైనా ఉన్నారా? నేనైతే చూపు లేని మనిషి అడిగితే ఈ రోజు పూర్తిగా చదివాను.