పహిల్వాన్ పన్ను, కింది పోర్షన్ తాత అనుమానం

మా కింది పోర్షన్ తాత పోయారని పాలు పోసే అన్న చెప్పినప్పుడు నేను నమ్మలేదు. "ఎవరు చెప్పిండ్రు?" అని అడిగాను. తప్పు నాది కాదు. ఏ సంగతైనా రెండు చోట్ల అడగందే నమ్మొద్దని నాకు నేర్పింది ఆ తాతే. రెండో చోటు కోసం మెట్లు దిగాను. వాకిట్లో ఆయన భార్య, నేను అవ్వ అని పిలిచే ఆవిడ, కూర్చున్న తీరు చూశాక ఇక అడగలేదు.

నేను పుట్టక ముందు నుంచీ ఆయన జహనుమాలో మా ఇంటి కింద అద్దెకున్నారు. సర్కారు దవాఖానాలో ఆపరేషన్ థియేటర్ అటెండర్‌గా రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు మనుషులు మత్తులోకి పోవడం, తిరిగి రావడం చూసినందుకేమో, ఈ లోకంలో దేన్నీ పూర్తిగా నమ్మేవారు కాదు. ఆటో మీటరునూ, వాన కబురునూ, నేను డిగ్రీ పాసైన వార్తనూ సమానంగా అనుమానించారు. నా మార్కుల మెమోను వెలుతురుకు ఎత్తి మరీ చూశారు.

అలాంటాయన నేను పంజరంలో పెంచుకునే, కుందేలంత కూడా లేని గినీ పిగ్ పహిల్వాన్‌ను మాత్రం నమ్మారు. "గీడొక్కడే అబద్ధమాడడు" అనేవారు. రోజూ పొద్దున మెట్ల కింద నుంచి కేక వినిపించేది: "తిన్నడా?"

పోయినేడాది వాడు తినడం మానేశాడు. వెనక పన్ను పెరిగి నాలుకకు గుచ్చుకుంటోందని, మత్తిచ్చి అరగదీయాలని కిషన్‌బాగ్‌లోని పెంపుడు జంతువుల క్లినిక్‌లో డాక్టరమ్మ చెప్పింది. అప్పటిదాకా నూరిన గడ్డి ముద్దను సిరంజితో పట్టమంది. ఈ కబురు వినగానే తాత చొక్కా తొడుక్కున్నారు.

"పద. మత్తు మందు బరువును బట్టి ఇస్తరు. ఆళ్ల కాంట ఎట్లుంటదో ఏమో, మనం ముందే తూకమేసుకుందం."

అలా పహిల్వాన్ ఖాళీ మిఠాయి డబ్బాలో కూర్చుని, సందు చివరి మిఠాయి దుకాణంలో కాంట ఎక్కాడు. డబ్బా బరువు పోను తొమ్మిది వందల పది గ్రాములు. "ప్యాక్ కరూ క్యా, చాచా?" అన్నాడు దుకాణం భాయ్, మిఠాయిలాగే కట్టివ్వనా అన్నట్టు. తాత నవ్వలేదు. ఆ పూట నుంచి వాడి బాధ్యత తనదేనని డబ్బాతో సహా పట్టుకెళ్లిపోయారు.

మరునాడు క్లినిక్ కాంట ఎనిమిది వందల డెబ్భై చూపింది.

"చూసినవా బిడ్డా? కాంటలనే మోసం! గీ తూకం మీద మత్తిస్తే నేనొప్పుకోను."

డాక్టరమ్మ ఆయన్ని అంతకంటే అనుమానంగా చూసింది. "తాతా, వీడు పొద్దున ఏమన్న తిన్నడా?"

"నేనుండంగ తిననిస్తనా?" అన్నారు తాత గర్వంగా. "నిన్న పొద్దుగూకినప్పటి సంది ముద్ద ముట్టనియ్యలే. ముప్పై ఏండ్లు థియేటర్‌ల ఉన్న. నిండు కడుపుతోని ఒక్కరినన్న టేబులెక్కనిచ్చిన్నా?"

ఆమె మందు పక్కన పెట్టేసింది. "కాంటలు కాదు తాతా, పస్తుకు వీడే తగ్గిండు. మనుషులకైతే వాంతి ఊపిరితిత్తులకు పోతదని కడుపు ఖాళీ పెడ్తం. వీటికి వాంతే రాదు. వీటి పేగు ఆగొద్దు తాతా. ఆగితే పానం మీదికొస్తది. ఇప్పుడు మత్తిస్తే మళ్ల లేస్తడో లేదో."

తాత తనను తాను అనుమానించడం మొదటిసారి అప్పుడే చూశాను. పని మరునాటికి వాయిదా పడింది. ఆ రోజంతా క్లినిక్ బెంచీ మీద కూర్చుని ఆయనే కొంచెం కొంచెంగా ముద్ద పట్టారు.

"రెండు చోట్ల అడగాలెనని లోకానికి చెప్పిన బిడ్డా. నేను ఒక్క చోటన్న అడగకపోతి."

మరునాడు తలుపు బయట నిలబడి, "మత్తెక్కిచ్చుడు కాదు, దింపుడు చూడాలె" అన్నారు. పహిల్వాన్ వెచ్చని గుడ్డలో కళ్లు తెరిచినా ఆయన నమ్మలేదు. సాయంత్రం వాడు కొత్తిమీర కాడ ఒకటి కరకర నమిలాకే కుర్చీలో కూలబడ్డారు.

తాత పోయిన రోజు, శవం లేచేదాకా ఇంట్లో ఎవరూ పొయ్యి ముట్టించలేదు. అందరూ పస్తే. నేను మేడ మీద కొత్తిమీర కట్ట పట్టుకుని నిలబడ్డాను. ఇంతమంది తినకుండా ఉంటే వీడికొక్కడికి పెట్టొచ్చా?

కింద నుంచి అవ్వ గొంతు వినిపించింది. "తిన్నడా?"

"ఇంకా లేదవ్వా."

"కిందికి తెచ్చి పెట్టు బిడ్డా. పేగు ఆగొద్దని ఆయన రోజు చెప్తుండె."

పంజరం తెచ్చి తాత పక్కనే పెట్టాను. ఏడుస్తున్నవాళ్లు పంజరం వైపు తిరిగారు. వాకిలంతా ఒకటే చప్పుడు, కరకర, కరకర. తాత వింటున్నారేమోనని నాకు అనుమానం. ఆకుపచ్చ కాడ ఒకటి పహిల్వాన్ నోట్లోకి మెల్లమెల్లగా పోతోంది.