నలభై రెండో వ్యాసం

సైన్సు టీచర్ల పత్రికకు వ్యాసం రాయడానికి కూర్చుంటే మాస్టారు చొక్కాకి మెడ గుండీ దాకా పెట్టుకుంటారు, రిటైరైనా ఇంకా బడికి వెళ్తున్నట్టే. ఇంటికెవరొచ్చినా కుర్చీలో కుదురుకోకముందే ఆయన లెక్క వినాలి: చదివింది పల్లెటూరి బడి, ముప్పై నాలుగేళ్ళ సర్వీసు, నలభై ఒక్క వ్యాసాలు, ఒక్క తప్పూ లేదు. ఏ ప్రయోగమైనా వంటింటి సామానుతో చేసి చూశాకే కలం పడతారు. "నా గ్లాసులన్నీ సైన్సుకే పోయాయి," అని సణుగుతూనే భార్య ఇంకో గ్లాసు అందిస్తుంది.

ఆ ఆదివారం, తనూ సైన్సు టీచరే అయిన కూతురు ఆయన మొదటి వ్యాసం తెచ్చింది. నీళ్ళ పళ్ళెంలో వెలిగే కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే, ఆక్సిజన్ ఖర్చయినంత మేరా నీళ్ళు పైకెక్కుతాయని అందులో ఉంది.

"మరి మూడు కొవ్వొత్తులు పెడితే, నాన్నా?"

"ఎన్ని పెట్టినా గ్లాసులో ఆక్సిజన్ అంతే కదమ్మా. నీళ్ళూ అంతే ఎక్కుతాయి."

"పెట్టి చూశావా?"

చూడలేదు. వెంటనే మూడూ వెలిగించి గ్లాసు బోర్లించారు. అంచు కింద నుంచి వేడిగాలి బుడగలుగా బయటికి పోయింది. మంటలారి, మిగిలిన గాలి చల్లబడేసరికి నీళ్ళు ఒక్క కొవ్వొత్తికి ఎక్కేదానికి రెట్టింపు ఎత్తు ఎక్కాయి. "అయితే నీళ్ళని ఎక్కించేది ఆక్సిజన్ ఖర్చు కాదు, గాలి చల్లబడటం," అన్నారు మాస్టారు.

"ఎప్పటిదో అది, ఎవరికి గుర్తుంటుందిలెండి," అంది భార్య.

"అది చదివి ఎంతమంది టీచర్లు పాఠం చెప్పుంటారో!"

ఆయన మెడ గుండీ పెట్టుకుని కాగితం తీసి, 'నా మొదటి వ్యాసంలో తప్పు' అని పైన రాశారు. మర్నాడు పక్కింటాయన కుర్చీ లాక్కోకముందే లెక్క మొదలైంది:

"నలభై రెండు వ్యాసాలండీ. ఒకే ఒక్క తప్పు. అదీ పట్టుకున్నది ఎవరనుకున్నారు? మా అమ్మాయి!"