ఇండోనేషియా, మా అక్క వంటింటి అటక

ఇండోనేషియాలో మంటలు లేస్తాయని ప్రపంచంలో అందరికంటే ముందు చెప్పినవాణ్ణి నేను. ఢిల్లీలో చల్లటి గదుల్లో కూర్చున్న మేధావులకి తెలియకముందే, కోనసీమలో మా అక్క వంటింట్లో, పీట మీద కూర్చుని, పెసరట్టు తింటూ చెప్పాను. దానివల్ల కొబ్బరి ధర ఏమవుతుందో కూడా ఆ అట్టు పూర్తయ్యేలోపే చెప్పాను. అలాగే అయింది. ఇవాళ మా అక్క వంటింటి మీద ఉన్న పెంకులు నా ముందుచూపుకి సాక్ష్యం.

ఈ మాటలు, తరవాతి సభల్లో తగిలించుకున్న పెంకుల ముక్క తప్ప, నేను రాజమండ్రిలో ఒక కాలేజీ హాల్లో, శాలువా కప్పించుకుని, మైకు పట్టుకుని అన్నాను. అప్పట్లో వ్యక్తిత్వ వికాస సదస్సులు ఊరూరా పుట్టుకొచ్చాయి. నా దగ్గర సోషల్ చదువుకున్నవాడొకడు అక్కడ లెక్చరరై, ప్రపంచ మార్కెట్ల గురించీ పిల్లల ఎదుగుదల గురించీ మాట్లాడమని పిలిచాడు. నాకు ముందు మాట్లాడినాయన మండు వేసవిలో కోటు వేసుకొచ్చి, ప్రతి సంక్షోభమూ ఒక అవకాశమేనని చెమటలు కక్కుతూ అరిచాడు. నాకు ఒళ్ళు మండింది. తరవాత నేను లేచి, అదే మాట కోటు లేకుండా, మా అక్క కొబ్బరికాయలు తగిలించి చెప్పాను. చప్పట్లు నాకే ఎక్కువ పడ్డాయి.

ఇప్పుడు ఆ మాటలు కాగితం మీద పెట్టుకుని చూస్తుంటే నాకే వెగటుగా ఉంది. కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. అందరికంటే ముందు చెప్పడం అబద్ధం. ఆ వార్త ముందురోజు పేపర్లోనే ఉంది. ఆ పేపరు టీ హోటల్లో బజ్జీల నూనె పీల్చుకుని, ఊళ్ళోవాళ్ళందరి చేతులూ తిరిగి నా దగ్గరకొచ్చింది. ఢిల్లీ మాట అటుంచండి, హోటల్లో గ్లాసులు కడిగే ఆవిడకి కూడా నాకంటే ముందే తెలుసు. పెసరట్టు మాత్రం నిజం.

అప్పటికి నేను రిటైరైన సోషల్ మాస్టార్ని. మా ఆవిడ పోయాక అక్క ఇంట్లో వీధి గదిలో ఉండేవాణ్ణి. అక్కకీ భర్త లేడు. మా నాన్న పసుపుకుంకుమ కింద ఇచ్చిన చిన్న కొబ్బరితోటే ఆవిడ బతుకు. పెంకుటింటికి ఆనుకుని వెనక తాటాకు వంటిల్లు, అందులో పొయ్యి పైన వెదురు తడికల అటక. దించిన కాయల్లో గట్టివి ఏరి, పీచుతో సహా ఆ అటక మీద పోస్తుంది. కింద పొయ్యి సెగ, పొగ. ఎనిమిది, పది నెలలు గడిచేసరికి లోపల నీళ్ళు ఇంకి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా తయారవుతుంది. అదే కురిడీ. చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంటే తయారైనట్టు, బుడబుడమంటే ఇంకా నీళ్ళున్నట్టు. అక్క పొయ్యి దగ్గరకెళ్ళినప్పుడల్లా ఒక కాయ తీసి ఊపి చూసేది.

ఆ ఏడు ఆవిడ ఆశంతా ఆ అటక మీదే ఉంది. కురిడీలు అమ్మి, వానలు పడేలోపు వంటింటికి పెంకులు వేయించాలి. పెంకులు వస్తాయి కదా అని ఏటా కప్పించే తాటాకు ఆ ఏడు కప్పించలేదు. పాత ఆకు చివికిపోయి, పగలు వంటింట్లో ఎండ చుక్కలు చుక్కలుగా పడేది.

సరిగ్గా అప్పుడే మనవాళ్ళు రాజస్థాన్ ఎడారిలో అణుబాంబులు పేల్చారు. పెద్ద దేశాలు ఆంక్షలన్నాయి. ఆ వెనకే ఇండోనేషియాలో జనం వీధుల్లోకొచ్చి దుకాణాలు తగలబెట్టారు. నేను పేపరు మడిచి నవ్వుకుంటుంటే అక్క అట్టు తిరగేస్తూ అడిగింది.

"ఏంట్రా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్?"

"అక్కా, కాయలు అమ్మకు. ఆగు."

"ఎందుకాగాలి?"

"ఇండోనేషియాలో కొట్టుకుంటున్నారు."

"అయ్యో! మనవాళ్ళెవరైనా ఉన్నారా అక్కడ?"

"మనవాళ్ళెవరూ లేరు. పామాయిలుంది."

అక్క అట్టు నా పళ్ళెంలో పడేసి, రెండోది వెయ్యలేదు.

నేను విడమరిచి చెప్పాను. కాకినాడ రేవుకి పామాయిలు వచ్చేది ఆ దిక్కు నించే. అక్కడ గొడవలు, ఇక్కడ ఆంక్షలు. ఓడలు రావు. పామాయిలు రాకపోతే దేశమంతా కొబ్బరి కోసం మన గుమ్మంలో నిలబడుతుంది.

కాయల వ్యాపారి ఆ వారంలోనే ట్రాక్టరు వేసుకుని దిగాడు. మా నాన్న కాలం నించీ మా తోట కాయలు ఆ ఇంటివాళ్ళే కొంటారు. అటకెక్కి, ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి, కిందకి చూసి పళ్ళికిలించాడు.

"ఆయ్, బెమ్మాండంగా ఎండాయండి అమ్మగారూ. కూలోళ్ళని పిలవమంటారా?"

"ఆగవయ్యా," అన్నాను నేను. ఇండోనేషియా మొదలుపెట్టాను. వాడు అటక మీదే గొంతుక్కూర్చుని అంతా విన్నాడు.

"మాస్టారండీ, తవరు పెద్దోరు, చదువుకున్నోరు. కానీ కురిడీ నూనెకాడరు కదండీ. ఉత్తరాదోళ్ళు పెళ్ళిళ్ళకీ పూజలకీ పట్టుకెళ్తారు. ఇండోనేషియావోళ్ళు కొట్టుకుంటే ఆళ్ళ పెళ్ళిళ్ళు ఆగుతాయేంటండి, పెరుగుతాయేంటండి?"

"ఒక ధర పెరిగితే పక్క ధర ఊరుకోదయ్యా. చూస్తూ ఉండు."

వాడు అక్క వైపు చూశాడు. నా వైపు చూశాడు. తువ్వాలు దులుపుకుని దిగి వెళ్ళిపోయాడు. నా లెక్క విన్న అక్క కాసేపు ఆలోచించి, సరేనని తలాడించింది. రాజమండ్రిలో పిల్లలకి నేను ఓర్పు గురించి చెప్పినప్పుడు ఈ తలాడింపు దగ్గర కొంచెం ఆగాను. అక్కడ బాగా పండింది.

ఇక ఆ ఎండాకాలమంతా నేను టీ హోటల్లో ప్రపంచాన్ని నడిపాను. ఒక బల్ల మీద అమెరికా, ఒక బల్ల మీద పాకిస్తాను. పేపర్లో ఫోటో ఒకటి పడింది. కాలిపోయిన దుకాణం ముందు ఒక ముసలాయన చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అది బల్ల మీద పరిచి, "ఇంకో నెల ఇలాగే సాగితే మన కొబ్బరికి తిరుగులేదు" అన్నాను. పక్కనున్నవాళ్ళు సంతోషంగా తలలూపారు. ఎవడో నాకు ఇంకో టీ చెప్పాడు. తాగాను కూడా. ప్రపంచ మార్కెట్ గురించి నేను నేర్చుకున్నదేదైనా ఉంటే ఆ టీ రుచే. ఎవరి కొంపో కాలుతుంటే, మన కాయకి ఎంతొస్తుందా అని లోపల ఒకడు లెక్క వేస్తుంటాడు. వాడికి పేపరు చదవడం నేర్పిందీ మనమే. ఛీ అనిపిస్తుంది. అప్పుడు మాత్రం అనిపించలేదు.

మధ్యలో కాకినాడ వెళ్ళి రేవు పరిస్థితి స్వయంగా పరిశీలించి వచ్చాను. ఉపన్యాసంలో ఈ ముక్క ఇలాగే చెప్పాను. జరిగింది వేరు. బస్సు దిగి, కాజాలు తిని, సముద్రం ఒడ్డుకెళ్ళాను. దూరంగా ఓడలు కనబడ్డాయి. వాటిలో పామాయిలుందో పప్పులున్నాయో ఒడ్డున నిలబడ్డవాడికి ఎలా తెలుస్తుంది? ఇంటికొచ్చి, "ఓడలు పల్చబడ్డాయక్కా" అన్నాను.

"ఆకు కూడా పల్చబడింది," అంది అక్క కప్పుకేసి చూస్తూ.

మృగశిర కార్తె పంచాంగం చెప్పినట్టే వచ్చింది. మొదటి వానకే వంటిల్లు కారింది. అక్క పొయ్యి మీద గొడుగు పట్టుకుని అన్నం వండింది. నేను అటక మీద టార్పాలిన్ బరకం కప్పించాను. బరకం పైన వాన ఆపింది, కింద ఉక్క పెంచింది. తడిసిన పీచు ఆరలేదు. పొగ కూడా అటక దాకా లేవలేక వంటింట్లోనే తిరిగేది. కాయల ముచ్చికల దగ్గర బూజు పట్టింది. కొన్ని పగిలాయి. లోపలి కొబ్బరి నల్లబడి, జిగురెక్కి, చెడిన నూనెలా కారడం మొదలైంది.

ఆ వాసన ఎలా చెప్పను? పాడైన నూనె, తడి కుక్క, పుండు మీద పాత కట్టు, మూడూ కలిపి ఉడకబెట్టినట్టుండేది. అన్నంలో అదే, తాగే మజ్జిగలో అదే. ఉతికిన పంచె కట్టుకున్నా నా చుట్టూ అదే. హోటల్లో నా బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు ఒక్కొక్కరే లేచి గాలి వచ్చే వైపు సర్దుకున్నారు.

ఒకరోజు పొద్దున అదే పీట మీద కూర్చుని, కొత్త ప్రభుత్వం వచ్చాక అక్కడి ఎగుమతుల సంగతి అక్కకి చెబుతున్నాను. పైనించి గోధుమరంగు చుక్క ఒకటి సరిగ్గా నా పళ్ళెంలో పడింది. తరవాత ఇంకొకటి, నా ముక్కు మీద. అక్క చూసింది. నవ్వలేదు. మసిగుడ్డ నా మీదకి విసిరి, "తుడుచుకుని చెప్పు" అంది.

వానలు తగ్గాక వ్యాపారి మళ్ళీ వచ్చాడు. గుమ్మంలోనే తువ్వాలు ముక్కుకి చుట్టుకున్నాడు.

"ధర పెరిగిందా లేదా?" అన్నాను, ముందు నా మాట నెగ్గించుకోవాలని.

"పెరిగిందండి. అబద్ధం ఎందుకాడాలి, తవరు చెప్పినట్టే పెరిగింది." కాలితో ఒక కాయని దొర్లించాడు. అది గలగలా అనలేదు, బుడబుడా అనలేదు. చప్పుడే లేదు. "కాయలకి పెరిగిందండి. వీటికి కాదు."

తోట చివర గొయ్యి తవ్వించి పాతిపెట్టాం. కుక్కలు వచ్చి వాసన చూసి తప్పుకుని పోయాయి. నేను చెప్పింది జరిగింది, అయినా దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. ఇంతకంటే రోతైన స్థితి మనిషికి ఇంకొకటి ఉండదు. పొరపాటు పడితే తిట్టించుకుని ఊరుకోవచ్చు. లెక్క సరిపోయి ఇల్లు కంపు కొడితే ఆ మనిషిని ఏం చెయ్యాలి? శాలువా కప్పుతారు.

అక్క తాటాకు కప్పించి, అటక మీద కొత్త కాయలు పోసింది. పెంకులు మరుసటి ఏడు పడ్డాయి. నేను రాజమండ్రి సదస్సు ముగించుకుని మర్నాడు శాలువాతో బస్సు దిగేసరికి పెరట్లో పెంకులు బొత్తులుగా పేర్చి ఉన్నాయి. అక్క ఏమీ చెప్పలేదు, నేను అడగలేదు. మొదటి ఏడు నేర్చుకున్న ఓర్పుతో రెండో ఏడు అదును చూసి అమ్మిందని నాకు నేనే అర్థం చేసుకున్నాను. మరి ఓర్పు నేర్పిందెవరు? ఆ తరవాత ఎక్కడ మాట్లాడినా ఆ పెంకులు నా ఖాతాలోనే వేసుకున్నాను.

ఇంతవరకూ రాసి, నిన్న మధ్యాహ్నం అక్కకి చదివి వినిపించాను. అరుగు మీద చేటలో కందిపప్పు ఏరుకుంటూ విన్నది. చుక్క నా ముక్కు మీద పడ్డచోట చేట కొంచెం కదిలింది. అయ్యాక అడిగాను.

"ఎలా ఉందక్కా? అబద్ధాలన్నీ ఒప్పేసుకున్నాను."

"తలాడించానని రాశావు."

"ఆడించలేదా?"

"నేనెప్పుడు ఆడించానురా? అమ్మేస్తానని నోరు తెరిచి చెప్పాను. నువ్వు వద్దన్నావు, వాడు నీ మొహం చూసి ట్రాక్టరు తిప్పేశాడు. ఇంట్లో మగాడు కాదన్నాక కొంటే రేపు మాటొస్తుందన్నాడు. తోట నాది, అటక నాది, కారేది నా నెత్తి మీద. నన్నడిగినవాడే లేడు. నీ ఇండోనేషియా ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలీదు."

నేను కాగితాలు సర్దుకున్నాను. "మరి రెండో ఏడు..."

"రెండో ఏడు నువ్వు రాజమండ్రి బస్సెక్కేదాకా ఆగాను. బస్సు మలుపు తిరగ్గానే వాడికి కబురు పెట్టి, పొద్దు వాలేలోపు అటక ఖాళీ చేయించాను. ఆ డబ్బుతో తెప్పించిన పెంకులు అవి. రాస్తే అది రాయి."