హద్దురాయి దగ్గర ఆగిన జీపు

మా ప్రొద్దుటూరుకు మేయరంటూ ఉండడు, మున్సిపల్ చైర్మనే ఉంటాడు. ఆ రోజుల్లో ఆ చైర్మన్ మా మేనమామ కావడంతో, చదువు ముగించి ఖాళీగా ఉన్న నేను ఆయనకు సెక్రటరీనని చెప్పుకొని తిరిగేవాణ్ణి (ఈ సంగతి మామకు తెలియదు). పత్తి వ్యాపారం చేసుకుంటూ, వార్డు మెంబరై, తర్వాత చైర్మనైన మనిషి ఆయన. కుర్చీ ఎక్కగానే వేసిన మొదటి ఆర్డరు, మున్సిపాలిటీ జీపు ఊరి హద్దురాయి దాటకూడదని. అంతకు ముందు ఆ జీపు మెంబర్ల ఇళ్ల పెళ్లిళ్లకు పులివెందుల దాకా పోయి వచ్చేది. వాళ్లకు కోపం రావడానికి అది చాలు. కొన్నాళ్లకు మామ మీద అవిశ్వాసం పెట్టారు.

ఓట్లు పడే రోజు పొద్దున చూస్తే మామ కుర్చీ ఒక్క ఓటు మీద నిలబడి ఉంది. ఆ ఓటున్న మెంబరు టైలర్ భాయ్ ఏమో చెల్లెలిని చూడ్డానికని జమ్మలమడుగు పోయి కూర్చున్నాడు. మామను అడిగితే వద్దంటాడని, అడక్కుండానే జీపెక్కి డ్రైవరన్నను బయలుదేరదీశాను. హద్దురాయి దగ్గర జీపు ఆగిపోయింది.

“ఏందన్నా, ఆపినావు?”

“ఈడికేప్పా. రాయి దాటకూడదని చైర్మన్ ఆర్డరు.”

“ఆ చైర్మన్ కుర్చీనే పోతాందన్నా.”

“పోయేదాకా ఆయనే కదప్పా చైర్మను.”

బతిమాలాను, కసిరాను. ఆయన తీరిగ్గా బీడీ ముట్టించుకున్నాడు. దొరికిన లారీ పట్టుకొని జమ్మలమడుగు పోయి, భాయ్‌ని తీసుకొని బండల లోడు మీద కూర్చొని తిరిగొచ్చేసరికి (ఇద్దరం తలనుంచి కాళ్ల దాకా తెల్లటి దుమ్ము) అంతా అయిపోయింది. ఆ ఒక్క ఓటుతోనే మామ ఓడిపోయాడు.

“డ్రైవరన్న రాయి దాటలేదు మామా” అని ఏడుపు గొంతుతో ఫిర్యాదు చేశాను. మామ, అప్పటికే వెనక్కొచ్చి మున్సిపల్ ఆఫీసు ముందు నిలబడిన జీపు దగ్గరికి పోయి డ్రైవరన్న భుజం మీద చెయ్యి వేశాడు.

“నా మాట లోపలున్నోళ్లు నిలబెట్టల్యా. నువ్వు నిలబెడితివి. శానా సంతోషమప్పా.”

ఇంటి దగ్గర దింపుతానన్నాడు డ్రైవరన్న, కళ్లు తుడుచుకుంటూ.

“ఇప్పుడు నేను చైర్మన్ను కాదు కదప్పా” అని మామ నడిచే బయలుదేరాడు. వెనకాల నడుస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు. ఆయన మళ్లీ పోటీ చేయలేదు.

ఊరు ఇప్పుడు ఆ రాయిని దాటి చాలా దూరం పెరిగింది, రాయి కూడా లేదు. జమ్మలమడుగు బస్సు ఆ చోటికి రాగానే మాత్రం, ఈ ముసలి సెక్రటరీ సీటు పట్టుకొని ముందుకు చూస్తాడు, డ్రైవరు ఆపుతాడేమోనని.