వద్దన్నవాణ్ణి గుచ్చడు

ఉప్పళంలో మా వీధి అంకాళమ్మకు మొక్కుకున్నవాళ్ళు తమిళుల ఆడి నెల తిరునాళ్ళలో బుగ్గకు వెండి శూలం గుచ్చుకుంటారు. దాన్ని అలగు అంటాం. పోయిన ఏటికి ముప్పై ఒక్క ఏళ్ళుగా గుచ్చే చెయ్యి ఒక్కటే, ఇరుసప్పన్ మామది. మేట్టుపాళయం ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. మన ఎదురుగా గొంతుక్కూర్చుని, కళ్ళలోకి చూస్తూ, "గుచ్చేదా?" అని మూడుసార్లు అడుగుతాడు. మూడోసారి కూడా "ఊఁ" అంటేనే విభూతి పూసి గుచ్చుతాడు. ఒక పెద్ద కాంట్రాక్టరు రెండోసారికే నీళ్ళు నమిలితే, "పో నాయనా, అమ్మ ఏమీ అనుకోదులే" అని మజ్జిగ తాపించి పంపేశాడు. మేమంతా విరగబడి నవ్వాం.

పోయిన ఏడు తిరునాళ్ళ పొద్దున గుడి తెరిచేసరికి హుండీ పగిలి ఉంది. అమ్మవారి వెండి కళ్ళు లేవు. టీకొట్టు వెనక చిల్లర మూటతో దొరికాడు అరవిందన్, పెయింటు పనికి పోయే మనిషి. హుండీ కొట్టానని ఒప్పుకున్నాడు, కళ్ళ సంగతి తెలియదన్నాడు. ఎవరు నమ్ముతారు? కరెంటు స్తంభానికి కట్టేశాం. పన్నెండింటికి ఊరేగింపు. కళ్ళు లేని అమ్మను వీధిలోకి ఎట్లా తీసుకెళ్ళేది?

"మామా, నీ అలగుల పెట్టె తే. రెండు గుచ్చితే కక్కుతాడు" అన్నాడు గుడి కమిటీ పెద్ద మురళీధర్. అవునవునని అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను, దాచడం దేనికి? ఆ ఏడు అలగుకు మొక్కుకుని పదకొండు రోజులుగా చేప వాసన కూడా చూడని నోరు నాది. ఆ నోటితోనే అరిచాను.

మామ పెట్టె తెచ్చాడు. అరవిందన్ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"గుచ్చేదా?"

"వద్దు సామీ!"

మళ్ళీ అడిగాడు. మూడోసారీ అడిగాడు. వాడు ఏడుస్తూ తల అడ్డంగా ఊపాడు. మామ పెట్టె మూసేశాడు.

"వద్దంటాండాడు గదా. వద్దన్నోణ్ణి గుచ్చేది నాకు రాదు."

"దొంగనాకొడుకుని అడిగేది ఏంది మామా? అమ్మ కండ్లే పోయినాయి!" అన్నాడు మురళీధర్.

"వీణ్ణి పొడిచిన చేత్తో నీకు విభూతి పెట్టేదెట్టరా?"

"అయితే ఇంక నీకు ఈ గుడిలో పని లేదు. పిళ్ళైచావడి నుంచి వేరే ఆయన్ని పిలుచుకుంటాం."

"పిలుచుకోండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయన పంతానికి అమ్మ గుడ్డిదై తిరగాలా అనుకున్నాను. మామ కట్లు విప్పి, వాడి చెయ్యి పట్టుకుని పోలీస్ స్టేషనుకు నడిపించుకుపోయాడు. ఎవరం అడ్డం పోలేదు. వీధిలో ఆయన చెయ్యి తగలని బుగ్గ లేదు మరి. "వీణ్ణి ఎవురూ కొట్టకూడదు సార్. కోర్టుకు తీసుకపోయేదాకా ఈడనే కూచుంటా" అని అక్కడ బెంచీ మీద కూర్చున్నాడట.

పిళ్ళైచావడి ఆయన వచ్చాడు. టోకెన్ నంబరు పిలవడం, గుచ్చడం, అంతే. నన్ను ఒక్క మాట అడగలేదు. బుగ్గలోకి శూలం దిగుతుంటే సిగ్గుతో నా తల వంగిపోయింది. గంధంతో కళ్ళు దిద్ది అమ్మను ఊరేగించాం. ఆ వెండి కళ్ళు ఇప్పటికీ దొరకలేదు.

నాలుగింటికి మామ ఇల్లు చేరాడు. నేను పక్కింటి అరుగు మీదే ఉన్నాను. కనగం అత్త గడపలోనే నిలదీసింది.

"ముప్పై ఒక్క ఏండ్లలో ఒక్క తూరి తప్పలేదే! అమ్మ మన వాకిట్లో నిలిచి హారతి తీసుకొని పోయింది. నువ్వు చూడలేదే!"

"చూడలేదు" అన్నాడు మామ చెప్పులు విడుస్తూ. "వాడు కోర్టు బండి తన కాళ్ళతో ఎక్కినాడు. అది చూసినాను."